సహారా ఎప్పుడొస్తది?

డెబ్బైల చివర్లో అనంతపురం నుంచి హైదరాబాదు వెళ్లాను. మా వైపు పొలాల్లో ఇసుక మేట వేస్తోంది. ఎడారి ఎలా పుడుతుందో బడిపిల్లలకు చెప్పాలని మా యువజన సంఘం పూనుకుంది. గుడ్డబొమ్మలు కుట్టి ఆడించే దబీర్‌పురా మహిళా సంఘం తోడు రాకపోతే మా పాఠం ఏ పిల్లాడి చెవికీ ఎక్కదు. వాళ్లను ఒప్పించడానికే వెళ్లాను.

గ్రంథాలయంలో ఎడారుల పుస్తకాలన్నీ నమిలినవాణ్ని, తగ్గుతానా? "సహారా ఏటేటా ముందుకొస్తోంది!" అని గర్జించాను. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నా పాండిత్యానికే అనుకున్నాను.

సంఘం పెద్ద రాజమ్మ లేచింది. "మా గల్లీకి ఎప్పుడొస్తది, అన్నా?"

"మనం చేతులు ముడుచుకు కూర్చుంటే తప్పకుండా వస్తుందమ్మా!"

"గట్లయితే కూసుంటం తియ్యి. గింత సులువని ఇన్నాళ్లు ఎవ్వరు చెప్పలే!"

పక్కనున్న దర్జీ నవ్వాపుకుంటూ నా చెవిలో చెప్పాడు: ఉర్దూలో సహారా అంటే ఆసరా. అంతసేపూ నేను సర్కారు సాయం వస్తోందని ఊరించానన్నమాట. ఆ ముక్క ఏ పుస్తకంలోనూ లేదు మరి.

సంగతి విడమరిచి చెప్పాక రాజమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఇసుకొస్తున్నదని చెప్పరాదు? పొలాలు ఖరాబైతున్నయంటే మేం రామా? బొమ్మలు కుడతం, బడులకు మేమే వస్తం. నువ్వు మాత్రం నోరు తెరవకు, భాయ్."