గోడ మీద మొదటి పేరు

నా కొట్లో జెరాక్స్ మిషన్ వెనకాల ఒక ఇనుప బీరువా ఇరవై ఏళ్ళకు పైగా కదలకుండా పడి ఉంది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, కొట్టు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చాక దాన్ని జరపక తప్పలేదు. జరిపితే, వెనక గోడ మీద నా చేతిరాత. ఎర్ర ఎనామిల్ పెయింటుతో తాటికాయలంత అక్షరాలు: "విమానాలు – మాలిక్ – 3,84,200". చూడగానే నాకు సిగ్గేసింది. ఆ వరసలో అంకె ఒక్కటే నిజం. పేరు అబద్ధం, రాసింది నేను.

నా పేరు ఇమ్మానియేలు. ఇప్పుడంటే పొదిలి బస్టాండు దగ్గర జెరాక్సులు తీసుకుంటున్నాను గానీ, తొంభై ఆరులో ఇదే కొట్టు వీడియో గేమ్ షాపు. నాలుగు టీవీలు, నాలుగు పెట్టెలు, ఓ అట్టపెట్టె నిండా క్యాసెట్లు. క్యాసెట్ ఎక్కకపోతే తీసి ఉఫ్ఫని ఊదడం, మళ్ళీ గుచ్చడం, అదే మా ఇంజనీరింగు. ఆటల అసలు పేర్లు ఎవడికి తెలుసు? విమానాలది, కార్లది, కుస్తీలది, అంతే. కరెంటు పోతే ఎవడికెంత స్కోరు వచ్చిందో పెట్టె మర్చిపోయేది. పిల్లలేమో "నాకే ఎక్కువ" అంటే "నీ మొహం, నాకే" అని చొక్కాలు చింపుకునేవాళ్ళు. ఆ గోల పడలేక గోడ మీద రాయడం మొదలుపెట్టాను. గంట అద్దెకు ఎవరు తీసుకుంటే పేరు వాళ్ళది. అదీ రూలు.

ఆదివారం పొద్దున షాపు మూసి ఉండేది. నేను చర్చిలో ఉన్నానని మా అమ్మ నమ్మకం. నేనేమో షట్టరు సగం దించుకుని లోపల జాయ్‌స్టిక్కులు విప్పి బాగుచేసుకునేవాణ్ణి. అలాంటి ఒక ఆదివారం మాలిక్ తల లోపలికి పెట్టాడు. పదిహేనేళ్ళవాడు, నా దగ్గరకు రోజూ వచ్చేవాడే. వెనకాల పన్నెండేళ్ళ చెల్లెలు సిద్దికా, చేతిలో టిఫిన్ క్యారియర్.

"అన్నా, ఇది ఒక్కసారి ఆడతానని ప్రాణం తీస్తోంది. ఇంట్లో తెలిస్తే ఇద్దర్నీ చంపేస్తారు. నేను బయట కూర్చుంటాలే."

"మరి నేను చర్చికి పోలేదని మీరెవరికైనా చెప్తే?"

"నేను చెప్పను," అంది ఆ పిల్ల వెంటనే. బేరం కుదిరింది.

మాలిక్ బయట స్టూలేసుకుని వీధివైపు తిరిగి కూర్చునేవాడు. తెలిసినవాళ్ళెవరైనా వస్తుంటే సైకిల్ తాళంతో షట్టరు మీద టక్ టక్ టక్ అని మూడుసార్లు కొట్టేవాడు. ఆ చప్పుడు వినపడితే సిద్దికా జాయ్‌స్టిక్ వదిలేసి, క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చునేది. అన్నకు అన్నం తెచ్చిన చెల్లెలు, అంతే. ఎన్ని ఆటలు అలా మధ్యలో పోయాయో! ఒక్కసారీ విసుక్కోలేదు.

మొదటి వారమే ఒక తంటా వచ్చింది. మిరపకాయల కాలం. సిద్దికా వాళ్ళమ్మతో తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఆ చేతులతోనే ఆడి వెళ్ళిపోయింది, నాకు తట్టలేదు. సోమవారం అదే జాయ్‌స్టిక్ పట్టుకున్న జయదేవ్ అనే పిల్లాడు కళ్ళు నలుపుకుని "బాబోయ్, మంట!" అని కొట్టంతా గంతులేశాడు. నేను వాడి మొహం మీద చెంబుడు నీళ్ళు కొట్టి, కరెంటు షాకని అబద్ధమాడాను. అప్పటినుంచి కొబ్బరినూనె సీసా, సబ్బు దగ్గర పెట్టుకున్నాను. ముందు చేతులు, తర్వాతే విమానాలు. నూనె రాసుకుని, కడుక్కుని, వేళ్ళు వాసన చూసుకుంటే గానీ ఆ పిల్ల జాయ్‌స్టిక్ ముట్టేది కాదు.

ఆమె ఆట గురించి ఏం చెప్పను? మగపిల్లలు ఆడుతుంటే భుజాలు ఊగేవి, నోళ్ళు ఆగేవి కావు. సిద్దికా కదిలేది కాదు. రెండు బొటనవేళ్ళు మాత్రం తొడిమలు తెంపుతున్నట్టే ఆడేవి, చకచకా, లెక్కగా. ఒక ఆదివారం గంటసేపు ఎవరూ రాలేదు, కరెంటూ పోలేదు. మూడు లక్షల ఎనభై నాలుగు వేల రెండు వందలు. మా గోడ మీద అప్పటికి లక్ష దాటినవాడు లేడు. నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పెయింటు డబ్బా తీశాను.

"నా పేరు రాస్తావా అన్నా?" అంది.

నేనేమన్నానో నాకిప్పటికీ గుర్తే. "ఆడపిల్ల పేరు గోడ మీద ఎందుకమ్మా? గంట తీసుకుంది మీ భాయ్, రూలు రూలే" అన్నాను. ఆమె మంచికే అన్నాననుకున్నాను. ఆమె క్యారియర్ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రాలేదు.

మాలిక్ మాత్రం హీరో అయిపోయాడు. ఎవరైనా పందెం కడదామంటే వాడికి వేలు నొప్పి. ఏడాదంతా వేలు నొప్పే! తర్వాత వాడు మిర్చి వ్యాపారంలో దిగి గుంటూరు యార్డుకు తిరిగే పెద్దమనిషయ్యాడు. నలుగురు కూర్చున్న చోట ఆ స్కోరు చెప్పుకునేవాడు. చెప్పగా చెప్పగా తానే ఆడానని నమ్మేశాడేమో అని నా అనుమానం. సిద్దికా పదోతరగతితో చదువు మానేసింది. పెళ్ళయింది, ఒక కూతురు రిహానా. మార్కెట్ వీధిలో జాకెట్లు కుడుతుంది. హుక్కులు ఆమె కుట్టినంత వేగంగా ఈ ఊళ్ళో ఎవరూ కుట్టలేరని మా ఆవిడ అంటుంది. ఐదేళ్ళ కింద రేషన్ కార్డు జెరాక్సుకు వచ్చి, బీరువా వైపు చూసి, "దాని వెనకే కదా అన్నా?" అంది. "అక్కడే అమ్మా" అన్నాను. కాగితాలు తీసుకుని వెళ్ళింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు ఆ గోడ బుధవారం పోతుంది. పోయేలోపు ఆ పేరు దిద్దాలి. దిద్దితే మాలిక్ పరువు బజారున పడుతుంది. అసలు ఆమెకు ఇష్టమో కాదో! ఏం చెయ్యాలో తోచక, గోడ ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టాను.

మర్నాడే ఫోను. కళ్ళు మండిన జయదేవ్! మంగళగిరిలో ఆఫీసు ఉద్యోగమట. పాత గేమ్ పెట్టెలు ఎక్కడ కనపడినా కొని, బాగుచేసి పెట్టుకోవడం వాడి పిచ్చి. "ఆదివారం పెట్టె, పాత డబ్బా టీవీ పట్టుకొస్తున్నానన్నా. మాలిక్ అన్న ఆ గోడ ముందు ఒక్కసారి ఆడాలి. చిన్నప్పటినుంచి నాకదే కల" అన్నాడు.

మాలిక్‌కీ సిద్దికాకీ నేనే కబురు పెట్టాను. ఆదివారం పదింటికి అందరూ వచ్చారు. మాలిక్ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు. సిద్దికా రిహానాని వెంటబెట్టుకుని, అందరికీ బిర్యానీ వండి క్యారియర్‌లో తెచ్చింది. టీవీ మీద ఎండ పడుతోందని షట్టరు సగం దించాను. జయదేవ్ క్యాసెట్ తీసి ఉఫ్ఫని ఊదాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

మాలిక్ కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో మూడు విమానాలూ గోవిందా. "కళ్ళజోడు మార్చాలిరా" అని నవ్వాడు. జయదేవ్ కూడా నవ్వాడు గానీ వాడి మొహం చిన్నబోయింది.

"అమ్మీ, నువ్వు ఊరికే పట్టుకో, రీల్ తీస్తా" అంది రిహానా. "ఆడక్కర్లేదులే, నీకు రాదుగా."

సిద్దికా నావైపు చూసింది. నేను తల ఊపాను. పైట చెంగుకు చేతులు తుడుచుకుంది, వేళ్ళు వాసన చూసుకుంది, కూర్చుంది.

కదల్లేదు. బొటనవేళ్ళు మాత్రమే. మొదటి దశ పోయింది, రెండోది పోయింది. జయదేవ్ మాట్లాడటం మానేశాడు. రిహానా చేతిలో ఫోను కిందికి వాలిపోయింది. అరవై వేలు. ఎనభై. తొంభై.

అప్పుడు బయట టీ అమ్మే పీరు, లోపల జనం ఉన్నారని, గ్లాసుతో షట్టరు మీద కొట్టాడు. టక్ టక్ టక్.

సిద్దికా జాయ్‌స్టిక్ వదిలేసింది. పక్కనున్న క్యారియర్ లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. తల వంచుకుంది. తెర మీద విమానం తిన్నగా వెళ్ళి పేలిపోయింది.

"ఏమైంది అమ్మీ? ఎందుకు వదిలేశావ్?" రిహానా అరిచింది.

ఏమైందో సిద్దికాకే తెలియలేదు. ఒళ్ళో ఉన్న క్యారియర్‌ని చూసుకుంది. నలభై ఒక్కేళ్ళ మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచి చెప్పేద్దామనుకున్నాను.

ఈలోగా మాలిక్ లేచాడు. చెల్లెలి ఒళ్ళోంచి క్యారియర్ తీసి జెరాక్స్ మిషన్ మీద పెట్టాడు. వెళ్ళి షట్టరు గడగడమని పైదాకా ఎత్తేశాడు. వెలుగు లోపలికి దూకింది.

"ఎవరూ రావట్లేదు సిద్దీ," అన్నాడు. "ఆడుకో."

తర్వాత రిహానా వైపు తిరిగి, "గోడ మీదున్నది మీ అమ్మ స్కోరే బంగారం. ఆ రోజు నేను ఆడనే లేదు. బయట కూర్చున్నానంతే" అన్నాడు.

జయదేవ్ గోడ చూశాడు, జాయ్‌స్టిక్ చూశాడు, తన కళ్ళు తడుముకున్నాడు. "అక్కా! ఆ మంట మీదేనా?" అన్నాడు. సిద్దికా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. రిహానా వెళ్ళి తల్లి పక్కన ఇరుక్కుని కూర్చుంది.

మాలిక్ స్టూలు తెచ్చుకుని గుమ్మంలో వేసుకున్నాడు. ఈసారి వీధివైపు కాదు, లోపలివైపు తిరిగి కూర్చున్నాడు. టీవీని ఎండ పడని మూలకు తిప్పాం. సిద్దికా మళ్ళీ మొదటినుంచి ఆడింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు, చూస్తే చూశారు. లక్షా పన్నెండు వేల దగ్గర పోయింది.

నేను మార్కర్ పెన్ను తీశాను. "ఇన్నాళ్ళూ నాది తప్పమ్మా. నీ పేరు రాయనా?" అన్నాను.

సిద్దికా జవాబు చెప్పేలోపే మాలిక్ నా చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు. ఎర్ర అక్షరాల్లో తన పేరు కొట్టేసి, పైన పెద్దగా "సిద్దికా" అని రాశాడు. తర్వాత వంగి, ఆ అంకె కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట రాశాడు: "కాపలా – మాలిక్".