కదలని గోడ మీద గాజు

దయ్యాలున్నాయంటే నమ్మే మనిషిని కాను. పాత ఇళ్ల పటుత్వం పరీక్షించి రిపోర్టు రాయడం ఇరవై ఏళ్లుగా నా పని. జనం భయపడి వదిలేసిన ఇళ్లల్లో ఒక్కణ్నే కూర్చుని టిఫిన్ డబ్బా ఖాళీ చేశాను. శబ్దం వస్తే ఎలుకో, చెదో, వానకు ఉబ్బిన తలుపో అయి ఉండేది. ఇప్పుడు రాస్తున్నదానికి మాత్రం అలాంటి కారణం దొరకలేదు. ముందు నా తప్పు చెప్పాలి.

చిక్కడపల్లిలో ఒక శాస్త్రవేత్త నివసించిన ఇల్లు ఉండేది. భూప్రకంపనల మీద ఆయన చేసిన పని దేశమంతటికీ తెలుసు. పేరు రాయను. రాసే అర్హత నాకు లేదు. ఆయన పోయాక మేనకోడలు శారదమ్మ గారు అక్కడే ఉండేవారు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకు వచ్చే పిల్లలు చదువుకోడానికి ముందు గది ఇచ్చేశారు. మిగతా వాటాదారులు ఇల్లు బిల్డరుకు ఇవ్వాలనుకున్నారు. ఆమె సంతకం పెట్టలేదు. ఇల్లు ప్రమాదకరమని ఇంజనీరు రాసిస్తే ఆ సంతకంతో పనిలేకుండానే కూల్చవచ్చు. ఆ ఇంజనీరు నేనే.

పక్కన సెల్లార్ తవ్వినప్పుడు హాలు గోడకు నిలువునా పగులు వచ్చిందట. శాస్త్రవేత్త దానికి అడ్డంగా సన్నటి గాజు పలక అతికించి, కింద తేదీ వేశారు. మా పనిలోనూ ఇదే పద్ధతి. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. ప్రతి సోమవారం పొద్దున ఆయన భూతద్దంతో చూసి, గోడ మీద పెన్సిల్‌తో ఒక టిక్కు పెట్టేవారు. ఆయన తర్వాత శారదమ్మ గారు పెట్టారు. టిక్కులు కిటికీ దాకా పాకాయి. గాజు చెక్కుచెదరలేదు.

"చూడుండ్రి సారూ, మా మామ అతికించింది. గోడ కదిలితే ఇది ఊకుంటదా?" అని నవ్వి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లారు.

నాకు సగం పని ఇచ్చేది ఆ బిల్డరే. స్క్రూడ్రైవర్ పిడితో గాజు మీద ఒక్కటి కొట్టాను. ఫోటో తీశాను. ఆమె వచ్చి పలకను చూశారు, నా ముఖం చూశారు. చాయ్ కప్పు బల్ల మీద పెట్టారు.

గోడ కదులుతోందని రాశాను. రెండు నెలల్లో ఇల్లు లేదు.

నారాయణగూడలో నా ఆఫీసు గోడకు పాత పగులు ఒకటుంది. వచ్చినవాళ్లకు చూపించడానికి దాని మీద ఎప్పటినుంచో ఒక గాజు పలక ఉంది. ఇల్లు కూల్చిన తర్వాతి సోమవారం పొద్దున తాళం తీసేసరికి అది పగిలి ఉంది. ఫ్లైఓవర్ మీద బస్సుల అదురు అనుకున్నాను. కొత్తది అతికించాను. వారమంతా బాగానే ఉండి, సోమవారానికి పగిలింది. గాజు మార్చాను, జిగురు మార్చాను. ఆదివారం సాయంత్రం పగులు వెడల్పు కొలిచి, నేనే తాళం వేసి వెళ్లాను. రెండో తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. పొద్దున వెడల్పు అంతే ఉంది. గాజు మాత్రం పగిలింది.

దెబ్బ తగిలిన గాజు ఒక చుక్క నుంచి నలువైపులా చీలుతుంది. ఇవి అలా లేవు. పగులు వెంటే నిటారుగా ఒక్క గీత. గోడ కదిలితే వచ్చే గీత. గోడేమో కదల్లేదు.

పదకొండో వారం, బాగ్ లింగంపల్లిలో కిరాయికి ఉంటున్న శారదమ్మ గారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను.

"నాకు ఆ దినమే తెలుసు సారూ. ముక్కలు ఏరింది నేనే గదా. నడుమ దెబ్బ చుక్క ఉండె. కదిలి పగిలిన గాజు గట్లుంటదా? మామ చేతికింద పెరిగినదాన్ని. ఆఫీసర్లకు చెప్పిన. ఇంజనీరు మాట ఇడిసిపెట్టి నీ మాట ఇంటమా అమ్మా అన్నరు."

నా ఆఫీసులో గాజు ఎందుకు పగులుతోందని మాత్రం అడిగాను.

"నాకేం ఎరుక? తెల్వనప్పుడు తెల్వదని రాయాలె. మామ గట్లనే రాసెటోడు. మీరు గూడ రాయుండ్రి. ఈసారన్న ఉన్నది ఉన్నట్టు."

అందుకే రాస్తున్నాను. ఆ ఇంటి గోడ కదల్లేదు. గాజు నేనే పగలగొట్టాను. రిపోర్టు ఇచ్చిన మున్సిపల్ ఆఫీసులోనే ఈ మాట రాసి ఉత్తరం ఇచ్చాను. ఇల్లు తిరిగి రాదు.

ఉత్తరం ఇచ్చాక ఆగుతుందనుకున్నాను. నిన్న సోమవారం. గాజు మీద మళ్లీ అదే నిటారు గీత. దాని కింద గోడ మీద తేదీ వేసి, పెన్సిల్‌తో రాశాను: కారణం తెలియదు.