ముదీర్ గదిలో నా పరాక్రమం

2005లో అల్ ఖూజ్‌లోని మా కంపెనీ క్యాంపులో నేను హాజరు వేసే గుమాస్తాని. కోనసీమలో ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఏ. చదివి, దుబాయ్‌లో ఆ పని చేసేవాణ్ని. గదిలో మిగతా ఐదుగురూ కరీంనగర్ వైపు మేస్త్రీలు. నన్ను 'సారు' అనేవాళ్లు. ఆ పిలుపంటే నాకు మహా ఇష్టం.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఉల్లిపాయలు తరుగుతూ వాళ్లకు ఆంగ్లో-సాక్సన్ వీరుల గురించి చెప్పాను. వెయ్యేళ్ల కిందట ఇంగ్లండులో యోధుడు యుద్ధానికి ముందు రాజుగారి కొలువులో మందు గిన్నె పట్టుకుని, "శత్రువును చంపుతాను, లేదా అక్కడే చస్తాను" అని అందరి ముందూ గొప్పగా చెప్పుకునేవాడు. చెప్పాక వెనక్కి తగ్గితే ఇక తలెత్తుకోలేడు.

"గట్లయితె మా ఊరి కల్లు దుకాణంల కూసున్నోళ్లందరు వీరులే గదా సారూ!" అన్నాడు పెద్ద మేస్త్రీ. గదంతా గొల్లున నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. "వాళ్లు చెప్పింది చేసేవాళ్లండీ. అదే తేడా."

"అయితె నువ్వేం జేస్తవో చెప్పు మరి."

మూలన బియ్యం కడుగుతున్న టైల్స్ మేస్త్రీ మీద నా చూపు పడింది. అతనికి కూతురు పుట్టి పది నెలలైంది. ఇంకా చూడనే లేదు. మొదటి పుట్టినరోజుకైనా వెళ్దామని రెండుసార్లు సెలవు అడిగితే ముదీర్, అంటే మా మేనేజరు, పని అయ్యాక చూద్దామన్నాడు. మా పాస్‌పోర్టులన్నీ ఆయన బీరువాలోనే ఉండేవి.

చాయ్ గ్లాసు పైకెత్తాను. "రేపు ఇతని పాస్‌పోర్టు తెస్తాను. తేకపోతే నన్ను సారూ అని పిలవకండి!" అనేశాను. అన్నానే గానీ, ఆ రాత్రంతా ముదీర్‌తో ఏం మాట్లాడాలో ఇంగ్లీషులో రాసుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు ముదీర్ ముందు నిలబడేసరికి, సిద్ధం చేసుకున్న ఇంగ్లీషంతా ఎగిరిపోయింది. "సాబ్, ప్లీజ్" అన్నాను. పని ఉంది, ఖలాస్, అన్నాడాయన. మళ్లీ ప్లీజ్ అన్నాను. చేతులు జోడించాను. ఈ ఏడాది నా సెలవు నాకొద్దు, అతనికివ్వండి, అన్నాను. సిగ్గులేని కళ్లు, నీళ్లు కూడా పెట్టుకున్నాయి. ఆయన విసుగ్గా లేచి, బీరువా తెరిచి, పాస్‌పోర్టు నా ముందు పడేశాడు. "ముప్పై రోజులు. యల్లా, ఇక పో!"

సాయంత్రం గదిలో కథ వేరేగా నడిచింది. నేను బల్ల గుద్ది అడిగాను. ముదీర్ మొహం పాలిపోయింది. వినేవాళ్లు ఉత్సాహంగా ఉంటే నేనేం చేయను, రెండోసారి కూడా గుద్దాను. అందరూ చప్పట్లు కొట్టారు. టైల్స్ మేస్త్రీ కూడా నవ్వుతూ కొట్టాడు.

అతను వెళ్లే రోజు పెట్టెకు తాడు కడుతుంటే నేనొక కొస పట్టుకున్నాను. గదిలో మేమిద్దరమే.

"సారూ, గా దినం నేను ముదీర్ గది తలుపు బయటనే ఉన్న. అంత ఇన్న."

నా మొహం మాడిపోయింది. వీరుడి అర్థం కాలంతోపాటు మారుతూ వచ్చిందని కాలేజీలో చదివాను గానీ, ఏడ్చి బతిమాలేవాడి దాకా మా పాఠం రాలేదు.

"అందరికీ చెప్పేశావా?"

"నేనెందుకు జెప్త? మా ఊర్ల గూడ నువ్వు బల్ల గుద్దినవనే చెప్త. మా ఇంటామెకు మాత్రం నిజం జెప్త." ముడి బిగించి తలెత్తాడు. "మా అవ్వ దప్ప నా కోసం ఎవ్వలు ఏడ్వలే సారూ, గిప్పటిదాంక."