జపాన్ కోటలో నా పందెం

ఉద్యమం ఊపు మీదున్న ఏడాది, నా ఉద్యోగం నిలబెట్టుకోవడానికి నేను జపాన్‌లో ఓ కోట ఎక్కాను.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ చీరల దుకాణంలో పనిచేసేదాన్ని. లిఫ్టు గిరాకీలకే. మేం చీరల కట్టలు మోసుకుని మెట్ల మీదుగా నాలుగో అంతస్తుకు పోవాలి. ఆ ఏడాది ఉద్యమ సమ్మెలో బస్సులు ఆగిపోతే ఎల్బీ నగర్ నుంచి రోజూ నడిచే వెళ్లాను. దారిలో ఊరేగింపు ఎదురైతే చాలు, "జై తెలంగాణ" అంటూ అందులో కలిసిపోయేదాన్ని. నడక తెలిసేది కాదు. సాయంత్రానికి మాత్రం మోకాళ్లు సలిపేవి.

ఆ మాట ఫోన్లో మా ఆయనకు చెప్పడమే నేను చేసిన తప్పు. ఆయన్ని కంపెనీ ట్రైనింగ్‌కని జపాన్ పంపింది. "మోకాళ్లు పోయినంక ఏం జేస్తవ్? బంద్ చెయ్ గా పని" అని అక్కడి నుంచే తీర్మానం చేసేశాడు. సమ్మె ముగిశాక నన్ను పది రోజులకని పిలిపించుకుని, ఎదురుగా కూర్చోబెట్టి మళ్లీ అదే పాట.

ఒక ఆదివారం పాతకాలపు కోట చూపించడానికి తీసుకెళ్లాడు. తెల్ల గోడలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నల్లటి కప్పులు. లోపల ఆరంతస్తులు, అన్నీ చెక్కమెట్లు, నిచ్చెనలా నిటారుగా.

"నీతోని కాదు. కింద కూసో, నేను చూసొస్త" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "పై దాక ఎక్కితే పని బంద్ చెయ్యమని మళ్ల అనొద్దు. సరేనా?"

"సరే, ఎక్కు చూద్దాం" అని నవ్వాడు.

బూట్లు విప్పి సంచిలో పెట్టుకుని వెంట మోసుకెళ్లాలట. నేను సాక్సులు కూడా విప్పి అందులో పడేశాను. పొలంలో నాటు వేసేటప్పుడు మా అమ్మ చేసినట్టు కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకున్నాను. ఒక మెట్టుకు "జై", ఇంకో మెట్టుకు "తెలంగాణ" అని లోలోపల అనుకుంటూ ఎక్కాను. మోకాళ్లు నొయ్యలేదని అబద్ధం చెప్పను. సాక్సులతో ఎక్కుతున్న ఆయన మాత్రం నున్నటి చెక్క మీద జారి, నాలుగో అంతస్తులో కమ్మీ పట్టుకుని ఆగిపోయాడు. నాలుగో అంతస్తంటే నాకు రోజూ ఉండేదే. నేను ఆగలేదు.

పైన కిటికీలోంచి ఊరంతా కనిపించింది. గెలిచానన్న సంతోషంతో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. పక్కనున్న జపాన్ పెద్దావిడకు ఏం అర్థమైందో గానీ, తనూ నవ్వింది.

చాలాసేపటికి ఆయన రొప్పుతూ పైకొచ్చి కూలబడ్డాడు. నా వట్టి కాళ్ల వైపు, దోపుకున్న చీర వైపు చూశాడు.

"డ్యూటీ ఎన్నడెక్కుతవ్?" అన్నాడు.

"వచ్చే సోమారం" అన్నాను. "జర లే, దిగుదాం. చెయ్యియ్యాల్నా?"