మూడు చక్రాల రాకెట్టు బండి

నా చిన్నప్పుడు గాజువాకలో మా వీధి పిల్లలందరికీ ఒకడే వీరుడు. వాణ్ణి మాలో ఎవరమూ చూడలేదు. పాత ఇనుము యార్డులో పనిచేసే ఆ మనిషి మూడు చక్రాల బండి చేసి, వెనకాల గ్యాస్ సిలిండరు కట్టి, దాని మూతి సుత్తితో పగలగొట్టి, రాకెట్టులా దూసుకుపోయాడట. కథకి మూడు ముగింపులు ఉండేవి. ఒకదానిలో దువ్వాడ దగ్గర రైలుని దాటేశాడు. రెండోదానిలో పూర్ణా మార్కెట్లో వంకాయల గుట్ట మీద పడ్డాడు. మూడోదానిలో సముద్రంలోకి పోయాడు, ఒడ్డున చెప్పులే దొరికాయి.

మూడింటినీ కలిపి చెప్పగలిగింది మా తాతయ్య ఒక్కడే. లేచి నిలబడి, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపి, మోకాళ్లు వంచి, "జుయ్యిమని ఎల్పోనాడ్రా!" అంటూ ముందుకి దూకేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

పక్క పోర్షన్లోకి కొత్తగా ఒక అక్క, వాళ్లమ్మ అద్దెకి దిగారు. ఒక సాయంత్రం మా గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన అక్క, గుమ్మంలో నిలబడి కథ చివరిదాకా వింది.

"తాతా, ఆ బండికి సక్రాలెన్ని?"

"మూడమ్మా."

"నాలుగు. అది మా నాన్న బండి."

ఇనుము కోసే గ్యాస్ సిలిండర్లని నేల మీద దొర్లించలేక నడుం పడిపోతే, వాళ్ల నాన్న తుక్కులోంచి చక్రాలు ఏరుకుని ఆ బండి చేసుకున్నాడట. అది ఎక్కి నడిపేది కాదు, తోసుకెళ్లేది. వాల్వు విరక్కుండా నిండు సిలిండరు తలకి ఇనుప మూత ఉండాలి. ఎన్నిసార్లు అడిగినా కంట్రాక్టరు మూతలు తెప్పించలేదు. ఒకరోజు సిలిండరు జారిపడి, వాల్వు విరిగి, గ్యాసు తోపుకి లేచి ఆయన్నే కొట్టి చంపేసింది. మర్నాటికల్లా కంట్రాక్టరు మనుషులు టీకొట్టులో రాకెట్టు కథ మొదలెట్టారు. తప్పు పోయినవాడిదే అయితే, కంట్రాక్టరుని అడిగేవాడుండడు.

సోమవారం లేబరు ఆఫీసులో విచారణ ఉంది. మా తాతయ్య రోజూ టీ తాగేది ఆ యార్డు ఎదురుగానే.

"ఆ బండి మీరు రోజూ సూసేరు కదా తాతా," అంది అక్క. "పనికోసం సేసుకున్న బండని ఆ ఒక్క ముక్కా సెప్పండి. మా నాన్న ఆటలాడి సచ్చిపోలేదు."

"వత్తానమ్మా," అన్నాడు తాతయ్య.

నేను ఆగలేక అడిగాను, చూసి కూడా మూడని ఎందుకు చెప్పావని. "నాలుగంటే ఎవుడు నవ్వుతాడ్రా," అన్నాడు.

సోమవారం పొద్దున్న అక్క వచ్చేసరికి తాతయ్య మంచం దిగలేదు. మోకాలు పట్టేసిందన్నాడు, అడుగు పడటం లేదన్నాడు. భయపడ్డాడో, బద్ధకించాడో నాకు ఇప్పటికీ తెలీదు. అక్క కాసేపు ఆ మోకాలి వంక చూసి, "సరే తాతా, పడుకోండి," అని ఒక్కతే వెళ్లింది.

ఆ సాయంత్రమే ఎలమంచిలి నుంచి తాతయ్య బావమరిది వచ్చాడు. "ఏటి బావా, ఆ రాకెట్టోడి కథేటో సెప్పు," అన్నాడు. తాతయ్య పక్క గుమ్మం వైపు చూశాడు. అక్క చెప్పులు బయటే ఉన్నాయి. గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. కాని దూకే చోటు వచ్చేసరికి కూర్చోలేకపోయాడు. లేచి, రెండు మోకాళ్లూ వంచి, దూకాడు. చుట్టానికి నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. పక్క తలుపు మూసుకున్న చప్పుడు మా అందరికీ వినబడింది.

విచారణలో తప్పు అక్క వాళ్ల నాన్నదేనని తేల్చారు. తర్వాత కొన్నాళ్లకి అక్కావాళ్లు ఇల్లు ఖాళీ చేశారు.

ఇప్పుడు నేను సేఫ్టీ ఇంజినీరుని. సిలిండర్ల షెడ్డులోకి అడుగుపెడితే ముందు మూతలు చూస్తాను. అది చదువు నేర్పిందని అంతా అనుకుంటారు. ఆ కథ ఇంకా తిరుగుతూనే ఉంది, ఈమధ్య వాట్సాప్‌లో ఏదో వేరే దేశపు బండి ఫోటో తగిలించుకుని. మొన్న క్యాంటీన్లో ఒకతను చెబుతుంటే, అది నాలుగు చక్రాల తోపుడు బండి అన్నాను. "అలాగైతే మజా ఏటుంది బావా?" అన్నాడు.

మజా ఏమీ లేదు. అయినా వినబడిన ప్రతిచోటా చెబుతాను. నాలుగు చక్రాలు, తోపుడు బండి, పనికోసం చేసుకున్నది. ఆ సోమవారం మా ఇంట్లోంచి ఒకరు వెళ్లి చెప్పాల్సిన మాట అది.