ఎండ తాగే నీళ్లు

మా లెక్కల సారు పోయారని కదిరి నుంచి నాతో చదువుకున్నామె ఫోను చేసినప్పుడు నేను చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, డ్రిప్పు పైపులు సర్దుతున్నాను. పైపు అక్కడే వదిలేసి చెట్టు మొదట్లో కూర్చుండిపోయాను. ఈ తోట ఇవాళ ఉందంటే ఆయన వల్లే. ఒకప్పుడు ఆయన మీద నాకు పట్టరాని కోపం ఉండేదన్నదీ నిజమే.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. మబ్బు జాడ లేని ఆకాశం చూపించి, "ఎకరా చేన్లో ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లు. బిందెలు చేయండి" అనేవారు. పదిహేను లీటర్ల బిందెలు రెండు వందల డెబ్బై దాకా వచ్చేవి. తొమ్మిదో తరగతి పిల్లలం కళ్లు మూసుకుంటే ఆ బిందెలన్నీ వరసగా పైనుంచి దిగి వచ్చేవి. నాకైతే నీళ్లు తొణికిన చప్పుడు కూడా వినిపించేది.

ఆ ఏడు మా బోరు ఎండిపోయింది. ఎనభై చీనీ చెట్లు, గుంటలో మిగిలిన కాసిని నీళ్లు, వానకు ఇంకా రెండు నెలలు. సారు ఘనపరిమాణం పాఠం మా గుంట దగ్గరే పెట్టారు. మేం తాడుతో పొడవూ వెడల్పూ కొలిచాం, కట్టె దించి లోతు చూశాం. నాలుగు రోజులకోసారి చెట్టుకు రెండు బిందెల చొప్పున ఎనభైకీ సరిపోతాయని తేల్చారు.

బడి మొహం చూడని మా నాయన గట్టు మీద నుంచి అడిగాడు. "ఎండ తాగేది యాడ కలిపినారు సారూ?"

సారు తెల్లబోయి, తర్వాత నవ్వారు. "తప్పు చేసినానప్పా. దినానికి ఎంత దిగుతాదో నువ్వే చెప్పు" అంటూ నాయన పక్కన చతికిలబడ్డారు. అది తీసేసి మళ్లీ లెక్క వేస్తే యాభై చెట్లకే వచ్చింది.

"అన్నిటికీ తలా ఇంత పోస్తా సారూ. దేన్ని వదలమంటారు?"

"తలా ఇంత పోస్తే ఏదీ బతకదప్పా. వదిలేవి నేను చూపిస్తా. ఆ పాపం నాకుండనీ."

మరుసటి రోజు పొద్దున్నే సున్నం డబ్బాతో వచ్చి, నీళ్లు పోయాల్సిన యాభై చెట్లకు బొట్లు పెట్టారు. నేను నాటిన చెట్టుకు పెట్టలేదు. "దాని వేరు కుళ్లిండాది పాపా" అన్నారు. ఆ రెండు నెలలూ నేను ఆయనతో మాట్లాడలేదు.

అప్పటి నుంచి ఏ నీళ్ల లెక్క చెప్పినా బోర్డు మీద చివర 'ఎండకు' అని ఒక గడి గీసేవారు. పుస్తకంలో లేదు గదా సార్ అని ఎవరో అంటే, "పుస్తకం రాసినోళ్లకు ఈ పాప వాళ్ల నాయన దొరకలేదు" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆయన చూడకుండా తల దించుకున్నాను.

తొలి వాన పడిన సాయంత్రం సారు బస్సు దిగి నేరుగా తోటలోకి వచ్చారు. నాయన గొడుగు పట్టుకుని ఎదురు పోయినా ఆగలేదు. నిలిచిన యాభై చెట్ల వైపు చూడనే లేదు. చెప్పులు చేత పట్టుకుని, ఎండిపోయిన ముప్పై చెట్ల మధ్య తడుస్తూ, ఒక్కో మోడునూ అరచేత్తో తాకుతూ నడిచారు.