గోపాలపట్నం అంటే కదలని అంబాసిడర్

మా చిన్నప్పుడు... చీకటి పడగానే నాన్న మా తెల్ల అంబాసిడర్ బానెట్ ఎత్తేవాడు. ఇంజను పక్కనున్న నల్ల మూత తీసి, లోపలి రోటర్ పీకి నా అరచేతిలో పెట్టేవాడు. బొటనవేలంత ముక్క. అది లేకపోతే ప్లగ్గులకు కరెంటు అందదు, దొంగ ఎంతసేపు తాళం తిప్పినా బండి స్టార్ట్ కాదు. రాత్రికి దాన్ని ఫ్రిజ్ మీద దాచడం, పొద్దున్నే తెచ్చివ్వడం నా డ్యూటీ!

మేముండే స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో మా కారు వయసులో నాకంటే పెద్దది. దాని రోగాలన్నీ నాన్న నాకు నేర్పాడు. సెల్ఫ్ తిరిగితే బ్యాటరీ బాగున్నట్టు. పెట్రోలు వాసనొస్తే పంపు బాగున్నట్టు. ఇంక చూడాల్సింది కరెంటే... మగపిల్లలకు కూడా తెలియని విద్య నాకు తెలుసని తెగ మురిసిపోయేదాన్ని.

గోపాలపట్నం మామయ్య, అంటే అమ్మ వాళ్ళన్నయ్య, ఒకసారి పదిమందిలో అననే అన్నాడు.

"ఏటి బావా, ఇంకా ఈ డొక్కునే తోల్తన్నావా? పాత ఇనుము కొట్టుకి ఏసెయ్ రాదేటి?"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆ తర్వాత నుంచే మా కారుకు గోపాలపట్నం అంటే జబ్బు చేసేది... ఆర్కే బీచికి బంగారంలా వెళ్ళే బండి, అమ్మ పుట్టింటి పేరెత్తితే మొరాయించేది.

గోపాలపట్నంలో పిన్ని నిశ్చితార్థం వచ్చింది. అక్క కాబట్టి పెళ్ళికూతురికి మొదటి బొట్టు అమ్మే పెట్టాలి. వారం ముందు నుంచీ అమ్మకు అదే మాట. ఆ పొద్దున్న రోటర్ నన్నడగకుండా నాన్నే తీసుకెళ్ళాడు. జడలు వేయించుకునే హడావుడిలో నేను పట్టించుకోలేదు.

బండి స్టార్ట్ కాలేదు.

నాన్న చొక్కా విప్పి గేటుకు తగిలించాడు. ప్లగ్గులు తీసి తుడిచాడు, కార్బురేటర్ ఊదాడు. వేడెక్కిందేమోనని పంపు మీద తడిగుడ్డ వేయమన్నాడు. పట్టుచీరకు గ్రీజు అంటినా చూసుకోకుండా అమ్మ ఆ గుడ్డ తడిపి తడిపి వేసింది.

"బస్సుకి పోదామండీ, ఏలయిపోతంది..."

"రెండు నిమిషాలు ఆగవే, అయిపోయింది."

ఆ రెండు నిమిషాలు ముహూర్తం దాటేదాకా అయ్యాయి. అన్నీ విప్పాడు... ఆ నల్ల మూత తప్ప.

అమ్మ మెట్టు మీద కూలబడింది. గేటు మీది చొక్కా లోపల పెడదామని తీశాను. జేబులోంచి రోటర్ కింద పడింది.

"నాన్నా, ఇదిగో! పెట్టడం మర్చిపోయావు!" అని గంతులేశాను. నిజంగా మర్చిపోయాడనే అనుకున్నాను.

నాన్న నా వైపు చూడలేదు. అమ్మ మాత్రం ఆయన్నే చూసింది.

"మా అన్నియ్య మీద కోపం మా సెల్లి మీద తీర్సుకున్నారేటండీ?"

నాన్న రోటర్ పెట్టాడు. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది. అమ్మ ఎక్కలేదు... తాంబూలం పళ్ళెం పట్టుకుని, అదే చీరతో కూర్మన్నపాలెం బస్టాపుకు నడిచింది. నేనూ వెనకే పరిగెత్తాను. బస్సులో అమ్మ ఏడవలేదు, నేనే ఏడ్చాను. నన్ను పక్కన నిలబెట్టుకుని మా నాన్న అంతసేపు నాటకమాడాడు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ తర్వాత ఎప్పుడైనా అమ్మ పుట్టింటికి బస్సులోనే వెళ్ళేది. రాత్రిపూట రోటర్ దాచడం నేను మానేశాను. నాన్న కూడా దాచమని అడగలేదు.

ఇప్పటి కార్లకు ఏది చెడినా ఎదురుగా దీపం వెలిగి చెప్పేస్తుంది... బానెట్ ఎత్తే పనే లేదు. మీ ఇళ్ళల్లోనూ ఇలా ఒక ఊరికి మాత్రం కదలని బండి ఉండేదా? ఉంటే కింద రాయండి, నాకు తోడుంటుంది.

ఎందుకంటే మా అమ్మ దగ్గరికి బయల్దేరిన రోజు కారు మొరాయిస్తే, నేను ఇప్పటికీ ముందు తడిమేది మా ఆయన చొక్కా జేబునే. పాపం, ఆయనకు రోటర్ అంటే ఏమిటో కూడా తెలియదు.